కనబడని చెరువు

అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ నిటారుగా లేచి నిలబడితే కింద గంగ ఉన్నట్టు. అనంతపురం జిల్లాలో ఏ పల్లెకు పోయినా ఈ నమ్మకం వినిపిస్తుంది, నీళ్లు చూసిపెట్టే మనిషీ దొరుకుతాడు. చెప్పులు విడిచి చేనిలో మెల్లగా నడుస్తాడు. వెనక రైతు, ఆయన వెనక ఇంటిల్లిపాదీ. టెంకాయ లేచిన చోట రాయి పెట్టి, పసుపు కుంకుమ వేస్తారు. ఆ రాత్రికో మర్నాటికో తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ అక్కడ నిలబడుతుంది. మొదట ఎర్రమట్టి లేస్తుంది. తర్వాత బండ తగులుతుంది. అక్కణ్నుంచి తెల్ల పిండే. మూడొందల అడుగులు, ఐదొందలు, ఏడొందలు. "ఇంకొక యాభై చూద్దాంలే రెడ్డీ" అని చుట్టూ నిలబడ్డవాళ్లు ధైర్యం చెబుతుంటారు. ఆ యాభై అడుగుల డబ్బు మాత్రం వాళ్లు పెట్టరు.

నవ్వడం సులభమే. కానీ టెంకాయ పట్టిన మనిషైనా, రెసిస్టివిటీ మీటరు పట్టుకొచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞుడైనా కంటికి ఆనని నీటిని ఊహించాల్సిందే. మీటరు ఊహకు ఆధారం ఎక్కువ, అంతే తేడా. కరువు గురించి రాసేటప్పుడు మనం వాన లెక్కలు రాస్తాం, అప్పులు రాస్తాం, బెంగళూరు రైలెక్కిన కుటుంబాల గురించి రాస్తాం. ఈ ఊహ సంగతి రాయం. నేల కింద నీరు ఎట్లా ఉందని ఊరు అనుకుంటోంది, అది ఎవరిదని అనుకుంటోంది? అనంతపురం కష్టంలో సగం ఈ ప్రశ్న దగ్గరే ఉందని నాకనిపిస్తుంది. వాన తీరు తప్పిపోతున్న ఈ కాలంలో మిగిలిన సగానికి మందు కూడా ఇక్కడే కొంత దొరుకుతుందనిపిస్తుంది.

ముందు వాన సంగతి. జిల్లాకు సాలీనా వచ్చేది 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరంలోనే చాలావరకు కురిసి, ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతాయి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటని బడిపిల్లలు కూడా చెబుతారు. 1876 నాటి ధాత కరువు ముసలివాళ్ల మాటల్లో ఇంకా బతికే ఉంది. 1952 నాటి గంజి కేంద్రాలను కళ్లారా చూసినవాళ్లు మొన్నటిదాకా ఉన్నారు. కాబట్టి కరువు ఇక్కడ కొత్త చుట్టం కాదు. కొత్తగా వచ్చింది వేరే. కార్తెల మీద పెట్టుకున్న నమ్మకం సడలిపోయింది. మృగశిరకు పదును, ఆరుద్రకు విత్తనం అన్న లెక్క ఇప్పుడు నాలుగేళ్లకొకసారి కుదిరితే గొప్ప. విత్తిన తర్వాత నెల రోజులు చినుకుండదు. చెనక్కాయ ఊడలు దిగే సమయానికి నేల గట్టిపడి ఉంటుంది. తీరా పంట పీకే వేళకు కుమ్మేస్తుంది. 2021 నవంబరులో పక్క కడప జిల్లాలో చెయ్యేరు పొంగి అన్నమయ్య డ్యామ్ కట్ట కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో అనంతపురం పట్నంలోనే నడిమివంక పొర్లి కాలనీలు మునిగాయి. కరువు జిల్లా జనం మిద్దెల మీదికెక్కి పడవల కోసం చూశారు.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత. ఉత్తర కార్తెలో వాన పడకపోతే ఇక ఊళ్లో ఉండి లాభం లేదు, తట్టాబుట్టా సర్దుకొమ్మని. సెప్టెంబరు దాకా ఎదురుచూడు, ఆ తర్వాత ఆశ వదులుకో అని చెప్పే కచ్చితమైన సలహా అది. ఉత్తరలో ఎండగొట్టి చిత్తలో ముంచేసే ఏడు వస్తే ఆ సలహా పనికిరాదు. సామెత తప్పని అనను. అది పుట్టిన ఆకాశం వేరు.

పాతకాలం వాళ్లకు నీటి గురించి ఒక ఉమ్మడి బొమ్మ ఉండేది. అది చెరువు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. శాసనంలో చదవాల్సింది అసలు ఇది కాదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. నీటిశాస్త్రం తెలిసిన మనిషి ఉండాలన్నది అంగాల్లో ఒకటి. దోషాల్లో ఒకటి చూడండి: నీళ్లు కొంచెం, పారాల్సిన నేల విస్తారం. ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద రాసిన ఈ దోషం ఇప్పుడు రాయలసీమలో ప్రతి పల్లె కిందా ఉంది. చెరువులో కాదు, బోర్లలో.

చెరువు కళ్లెదుట ఉంటుంది. ఎంత నిండిందో తూము రాయి చెబుతుంది. మరవ పారితే ఊరంతా చూడ్డానికి పోతుంది. సగమే నిండితే ఈ ఏడు కింది మడులకు నీళ్లు లేవని నీరుగంటి ముందే చెప్పేస్తాడు. గొడవలు లేవని కాదు, బోలెడన్ని. కులం బలమున్నవాడి మడికే ముందు నీళ్లు పారేవి, ఆ మాటా దాచనక్కర్లేదు. కానీ గొడవపడ్డానికైనా అందరికీ కనబడే వస్తువు ఒకటుండేది.

వాన రాకపోతే చేసే పని కూడా ఊరుమ్మడిదే. రచ్చకట్ట మీద విరాటపర్వం చదివించేవాళ్లు. పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరించేవాళ్లు. విరాటపర్వానికి వాన పడుతుందా అని వాదించే ఓపిక నాకు లేదు. ఒకటి మాత్రం గమనించాను: కప్పను ఊరేగిస్తే ఊరు మొత్తం తడిసేది, బోరు ఎండిపోతే ఒక్క ఇల్లే ఏడుస్తుంది. కష్టం ఉమ్మడిది కాకుండా పోయింది. చెనక్కాయ ఒకప్పుడు జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా పరుచుకుని ఉండేది. ఒకే పంట, ఒకే వాన మీద ఆధారం. అది నాలుగేళ్లు వరసగా దెబ్బతీసేసరికి రైతు కింది నీళ్ల వైపు తిరిగాడు. చీనీ తోట పెట్టాడు. ఐదేళ్లు పెంచి కాపుకొచ్చిన చెట్టు కళ్ల ముందు ఆకు రాలుస్తుంటే ట్యాంకరు నీళ్లు కొని పోశాడు. మళ్లీ రిగ్గును పిలిచాడు. జనం కంటే బోర్లే ఎక్కువని నల్గొండ జిల్లా ముషంపల్లి 2004లో పత్రికలకెక్కింది. అనంతపురంలో అలాంటి పల్లెలు ఏమీ తక్కువ కాదు, పేరు రాలేదంతే.

2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరుకూ బోరుకూ మధ్య ఎడం ఉండాలంది, అనుమతి కావాలంది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. రెండోది ప్రతి చేనికీ చేరింది, మొదటిది ఆఫీసు దాటలేదు. ఉచిత కరెంటు తప్పని ఇక్కడ వాదించడం లేదు. నిండా మునిగిన రైతుకు ఆ సాయం కావాలి. కాకపోతే మోటారుకు మీటరు లేక, నేల కింద తూము రాయి లేక, ఎంత తోడుతున్నామో ఎవరికీ తెలియని పరిస్థితి వచ్చింది. ఒకే ఆవును పది మంది పది వైపుల నుంచి చీకట్లో పితుకుతున్నట్టు.

ఈ చీకట్లో దీపం పెట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. దాని గురించి తెలుగునాట రావాల్సినంత చర్చ రాలేదు. 2003 తర్వాత నెదర్లాండ్స్ నిధులతో, ఆపైన ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడుతో, నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే సంస్థ ముందుండి నడిపిన పని. 'రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాలు' అని దాని ఉద్దేశం. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో నడిచింది. ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు. బోరు వేయొద్దని చెప్పలేదు. వరి పెట్టొద్దనీ చెప్పలేదు. రైతు చేతికి కొలత ఇచ్చారు, అంతే.

ఊళ్లో ఒక ఇంటి దగ్గర వానమాపకం పెట్టారు. మండల కేంద్రంలో పడిన వాన ఇక్కడ పడిందని నమ్మడానికి లేదు, ఈ సీమలో పక్క చేను తడిసి మన చేను ఎండడం మామూలే. వాన పడిన మర్నాడు పొద్దున ఆ ఇంటివాళ్లు కొలిచి రాయాలి. పదిహేను రోజులకొకసారి ఎంచుకున్న బోర్లలో నీటిమట్టం చూడాలి. టేపు చివర చిన్న గొట్టం ఉంటుంది. బోరులోకి దించుకుంటూ పోతే నీటిని తాకగానే పైన బజర్ మోగుతుంది. అక్కడ టేపు మీద అంకె చూసుకుని పుస్తకంలో ఎక్కించాలి. చాలా ఊళ్లలో ఈ పని ఆడవాళ్లు చేశారు. బోరు ఎంత పోస్తుందో చూడ్డానికి రెండొందల లీటర్ల డ్రమ్ము, ఒక స్టాప్‌వాచీ. 'రెండంగుళాల నీళ్లు' అని గర్వంగా చెప్పుకునే బోరు డ్రమ్ము నింపడానికి ఎన్ని సెకన్లు తీసుకుందో ఊరి గోడ మీద రాస్తే ఆ గర్వం కొంచెం తగ్గుతుంది. మరుసటి పక్షానికి ఇంకో పది సెకన్లు పెరిగితే మొత్తం ఊరు ఆలోచనలో పడుతుంది.

అసలు రంగం వానాకాలం అయిపోయాక, రబీ విత్తకముందు. ఊరంతా కూర్చుని నీళ్ల పద్దు వేస్తారు. ఆ పద్దు ఎట్లా ఉంటుందో ఇక్కడే వేసి చూద్దాం. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. 550 మిల్లీమీటర్లకు 22 లక్షల లీటర్లు. గట్టి బండ నేలలో ఇందులో కిందికి ఇంకేది పదో వంతు అనుకుందాం: రెండు లక్షల ఇరవై వేలు. ఇది జమ. ఇక ఖర్చు. రబీలో ఎకరా వరికి పెట్టే నీళ్లు 1,200 మిల్లీమీటర్లనుకున్నా 48 లక్షల లీటర్లు దాటుతాయి. మడిలో ఇంకి తిరిగి కిందికి పోయేదాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. అంటే ఒకాయన ఎకరా వరి పెడితే చుట్టూ ఇరవై ఎకరాలకు పైగా నేలలో ఇంకిన ఏడాది వాన ఆ ఒక్క మడి తాగేస్తుంది. ఆ ఇరవై ఎకరాలూ ఆయనవి కావు.

ఈ లెక్క కాగితం మీద చూడటం వేరు, పక్కన ఆ ఇరవై ఎకరాలవాళ్లు కూర్చుని ఉండగా చూడటం వేరు. "ఏమప్పా, నా నీళ్లు కూడా నువ్వే తాగితివే" అని నవ్వుతూ అన్నా అందులో ముల్లు ఉంటుంది. ఎవరూ ఎవరినీ ఆపరు. ఎవరేం పంట పెట్టదలచుకున్నారో చెబుతారు, మొత్తం కూడుతారు, జమలోంచి తీసేస్తారు. లోటు వస్తే ఆ లోటు అంకె గోడ మీద ఉంటుంది. ఇంటికి పోయి ఎవరి తీర్మానం వాళ్లు చేసుకుంటారు. వరి ఉన్నచోట సగం ఆరుతడికి మారినవాళ్లున్నారు, డ్రిప్పు పెట్టినవాళ్లున్నారు, ఏమీ మార్చనివాళ్లూ ఉన్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో వేసిన భూగర్భ జలాల నివేదికలో దీన్ని దేశంలో అరుదైన ప్రయత్నంగా మెచ్చుకుంది.

ఈ పనిని అందరూ 'సమాచారం' అంటారు. నా దృష్టిలో వాళ్లు ఊరికి మళ్లీ చెరువును చూపించారు. బండల నెర్రెల్లో నిలిచిన నీటికి కట్టలు, తూము, మట్టం గీసి, ఇదిగో మీ అందరిదీ అన్నారు. ఒకసారి ఆ బొమ్మ మనసులో పడ్డాక మనిషి చేతిలోని టెంకాయను చూసే చూపు మారిపోతుంది.

ఐతే బొమ్మ దానంతటది నిలవదు. నిధులు ఆగాక చాలా ఊళ్లలో కొలవడం ఆగింది. తర్వాత పోయి చూసిన పరిశోధకులు కొందరు, చెప్పుకున్నంత మార్పు లేదని రాశారు. వానలు బాగా పడిన ఏళ్లలో మట్టం పెరిగితే దాన్ని పద్దు ఖాతాలో ఎట్లా వేస్తారన్నది వాళ్ల ప్రశ్న, సరైన ప్రశ్నే. పైగా లోటు అంకె చూసి నేను వరి మానేస్తే, ఆ మిగిలిన నీళ్లు పక్కింటాయన బత్తాయి తోటకు పోతే? దీనికి పద్దు దగ్గర జవాబు లేదు. కొన్నిచోట్ల జవాబు ఊళ్లే వెతుక్కున్నాయి. అనంతపురం జిల్లా మాదిరేపల్లిలో కొత్త బోర్లు వేయకూడదని, ఉన్న బోర్ల నీళ్లు లేనివాళ్లకూ పంచాలని కట్టుబాటు చేసుకున్నారు. బోరున్న రైతుకు ఇందులో లాభమేమిటని అడగొచ్చు. పక్కవాడు కొత్త బోరు వేస్తే తనది ఎండుతుంది. నాలుగు తడులు పక్కవాడికిస్తే తనది నిలుస్తుంది. దానగుణం అక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు.

నేల కింద చూడ్డం సరే, పైన చూడ్డం ఇంకా కష్టమని చెన్నేకొత్తపల్లి వైపు పోతే తెలుస్తుంది. అక్కడ టింబక్టు కలెక్టివ్ 1990లో పని మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కల పల్లెలు కొండల మీద, గుట్టల మీద వేల ఎకరాల బోడి నేలను అగ్గి పడకుండా, పశువులు తొక్కకుండా కాపాడుకుంటూ వచ్చాయి. నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. బోడగా ఉన్న నేలలోనే మోళ్లూ విత్తనాలూ దాగి ఉన్నాయని, వదిలేస్తే అడవి లేస్తుందని నమ్మడమే వాళ్ల పెట్టుబడి. లేచింది. బోద గడ్డి, ఈత, నక్కలు, ఎలుగుబంట్లు, వంకల్లో నీళ్లు. కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. 2010 తర్వాత అదే కొండల నెత్తిన గాలిమరలు వచ్చాయి. వాటికోసం శిఖరాలు చదును చేశారు, పెద్ద రోడ్లు కోశారు. భూతాపాన్ని తగ్గించే కరెంటు కోసం, భూతాపానికి తట్టుకోవడానికి పల్లెలు పెంచుకున్న అడవిని నరికారు. వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది. గాలిమరకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఒక కొండను చూసి పల్లె ఊహించింది అడవి, ఆఫీసు ఊహించింది బంజరు. రికార్డులో రాసేది ఆఫీసు.

హంద్రీ-నీవా కాలువ మీద కూడా ఒక మాట. 2012లో కృష్ణా నీళ్లు జీడిపల్లి చేరినప్పుడు జనం పసుపు కుంకుమలతో ఎదురుపోయారు. తరాలుగా చూసిన ఎదురుచూపు, ఆ ఆనందాన్ని తక్కువ చేయలేం. నీళ్లు పోసిన చెరువుల కింద బోర్లు బతికాయి. అయితే 'కృష్ణమ్మ వస్తుంది' అన్న ఊహ చాలా తేలిక. కూర్చుని ఉంటే చాలు. పద్దు వేసే ఊహకు పొద్దున్నే లేచి టేపు దించాలి.

ఈమధ్య జిల్లాలో కనబడే ఇంకో వింత, ఎండాకాలంలో విత్తడం. రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో, రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో, 2018 ప్రాంతంలో అనంతపురం రైతుల దగ్గరే ఇది రూపు దిద్దుకుంది. ఏప్రిల్, మే నెలల్లో, నేల నిప్పులు కక్కుతుంటే, కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, పెసర, ఆముదం, కూరగాయల విత్తనాలు ఇరవై రకాల దాకా కలిపి, బీజామృతంలో తడిపి, బంకమట్టి, బూడిద పట్టించి గుళికల్లా చేసి పొడి నేలలో చల్లుతారు. పైన చెత్తా రొట్టా కప్పుతారు. నవధాన్యాలు అంటారు. ఎప్పుడో ఒక వేసవి జల్లు పడితే మొలుస్తాయి, పడకపోతే గుళికలో దాక్కుని ఉంటాయి. మంచుతోనే పెరుగుతాయని ప్రచారం చేసేవాళ్ల మాట నేను పూర్తిగా నమ్మను. శాస్త్రవేత్తలకూ సందేహాలున్నాయి. ఐనా జూన్‌లో మొదటి గట్టి వాన కొట్టేసరికి ఆ చేను కప్పుకుని ఉంటుంది, పక్క చేను మట్టి కొట్టుకుపోతూ ఉంటుంది. ఈ తేడా చూడ్డానికి శాస్త్రం అక్కర్లేదు. పదును కోసం ఆకాశం వైపు చూసే రైతు, పదునే విత్తనాన్ని వెతుక్కుంటూ వచ్చేలా ముందే చల్లి పెట్టడం అంటే కార్తెల అలవాటును తలకిందులు చేయడమే. మొదటి ఏడు ఇట్లా విత్తినవాణ్ని ఊరంతా పిచ్చోడన్నదంటే ఆశ్చర్యం లేదు.

కానీ ఎవరు విత్తగలరు? నవధాన్యాల చేను నేలకు చేసే మేలు మొదటి ఏడాదే చేతికి రాదు. రెండో ఏటికి మట్టి కొంచెం గుల్లబారుతుంది, మూడో ఏటికి వానపాములు కనబడతాయి. బోరు నీళ్లు పంచుకునే కట్టుబాటుకు పదేళ్ల చూపు కావాలి. కల్పవల్లి ముప్పయ్యేళ్ల పని. ఊహకు గడువు కావాలి. ఈ జిల్లాలో కౌలుకు సాగు చేసేవాళ్లకు ఆ గడువే లేదు. ఉగాదికి మాట, వచ్చే ఉగాదికి వేరే మాట. గట్టు మీద చెట్టు పెడితే హక్కు అడుగుతాడేమోనని ఆసామికి భయం. మట్టి బాగుపడితే కౌలు పెంచుతాడేమోనని కౌలుదారుకు భయం. నీళ్ల పద్దు సభకు పోయినా అతని మాటకు విలువ ఉండదు, బోరు ఆసామి పేరున ఉంటుంది.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద కౌలు రైతుకు ఒక కార్డు ఇస్తారు. అప్పుకు, బీమాకు, నష్టపరిహారానికి ఆ కార్డే ఆధారం. దాని మీద భూయజమాని సంతకం ఉండాలి. గడువు పదకొండు నెలలు.